డెవలప్‌మెంటా, సపోర్టా?

పోయిన నెలలో మా చెల్లెలి కూతురికి పెళ్ళిచూపులయ్యాయి. ఎక్కడో కాదు, చందానగర్‌లో మా ఫ్లాట్‌లోనే. అమ్మాయి నా దగ్గర ఉండి హైటెక్ సిటీలో ఉద్యోగం చేస్తోంది. మా స్టేషన్‌లో ఎం.ఎం.టి.ఎస్. ఎక్కితే మధ్యలో హఫీజ్‌పేట ఒక్కటే, ఆ తర్వాత దిగిపోవడమే. అందుకని చెల్లెలు దాన్ని నాకప్పగించి నిశ్చింతగా ఉంది.

వచ్చినవాళ్ళు మంచివాళ్ళే. ఉప్మా బాగుందన్నారు, ఇంకాస్త వడ్డించుకున్నారు. పెళ్ళికొడుకు తల్లిగారు కాఫీ గ్లాసు కింద పెట్టి, వెనకటి రోజుల్లో "అమ్మాయికి సంగీతం వచ్చా?" అని అడిగినంత మామూలుగా, "అమ్మాయిది డెవలప్‌మెంటా, సపోర్టా?" అని అడిగారు.

మా పిల్ల మొహం చిన్నబోయింది. "మెయింటెనెన్స్ అండీ" అంది మెల్లిగా.

"ఓహో!" అన్నారావిడ.

ఆ ఓహోలో ఎంత దీర్ఘం ఉందో రాయడానికి మన వర్ణమాలలో అక్షరం లేదు.

వాళ్ళు వెళ్ళాక పిల్ల పట్టుచీరైనా మార్చుకోకుండా సోఫాలో కూలబడింది. "కొత్త ప్రోగ్రాములు రాసేవాళ్ళది డెవలప్‌మెంటు, పెద్దమ్మా. ఎవరో ఎప్పుడో రాసి వెళ్ళిపోయినదాన్ని పడిపోకుండా చూసేది మేం. బూజు దులిపేవాళ్ళమన్నమాట. ఏప్రిల్ వస్తే ఆఫీసులో 'ఈ ఏడు కొత్తగా ఏం చేశావ్?' అంటారు. ఏం చెప్పను? ఈ ఉద్యోగం మానేస్తాను" అంది.

నేను బి.ఏ. దాన్ని. నవలలు రాసుకునేదాన్ని. అయినా బూజు సంగతి నాకు తెలియకపోవడమేమిటి? "ఏదీ, ఆ బూజేమిటో చూపించు" అన్నాను.

లాప్‌టాప్ తెరిచింది. అదొక పాత బిల్లుల ప్రోగ్రాం. పద్నాలుగేళ్ళ క్రితం మొదలుపెట్టారట. రాసినవాళ్ళలో ఒక్కరూ ఇప్పుడా ఆఫీసులో లేరు. దాన్నంతా ఇంకో ప్రోగ్రాం చదివి, ఎక్కడెక్కడ చిక్కుపడి ఉందో జాబితా ఇచ్చింది. వేలల్లో హెచ్చరికలు! ఇవన్నీ సరిచేయడానికి ఎన్ని రోజులు పడుతుందో కింద లెక్క కూడా కట్టింది. రెండు నెలల పైమాటే.

"ఇవన్నీ తప్పులా?" అన్నాను గుండె మీద చెయ్యేసుకుని.

"తప్పులు కావు పెద్దమ్మా. ప్రోగ్రాం నడుస్తోంది, బిల్లులు సరిగ్గానే వస్తున్నాయి. కాకపోతే ఒకచోట చెయ్యి పెడితే ఇంకోచోట కూలుతుంది. అందుకని ముట్టుకోవద్దంటారు. ముట్టుకోకుండానే కొత్తవి అతికించమంటారు."

నడుస్తున్నదాన్ని చూసి "ఇది ముందు ముందు కష్టపెడుతుంది" అని యంత్రం ఎలా చెబుతుంది? ఆ అనుమానం నన్ను వదల్లేదు. నాలుగు రోజులు కూర్చుని చదివాను. చదువుతుంటే ఇదంతా మన వంటింటి చరిత్రలాగే ఉంది సుమండీ!

1976లో థామస్ మెకేబ్ అనే అమెరికన్ ఒక వ్యాసం రాశాడు. ప్రోగ్రాం ఎంత చిక్కుగా ఉందో అంకె వేసి చెప్పవచ్చన్నాడు. ఎలాగంటారా? మా ఇంటికి దారి చెబుతున్నాననుకోండి. "స్టేషన్ దిగి తిన్నగా రండి" అంటే ఒకటే దారి. "వాన పడి నీళ్ళు నిలిస్తే పక్క సందులోంచి రండి" అంటే రెండు. "ఆ సందులో పెళ్ళి పందిరి వేసి ఉంటే వెనక్కి తిరగండి" అంటే మూడు. ఇలా "అయితే" అన్నచోటల్లా లెక్కపెట్టి, దానికి ఒకటి కలపడమే ఆయన పద్ధతి. ఆ అంకె పది దాటితే ప్రోగ్రామును చిన్న ముక్కలుగా విడదీయడం మంచిదన్నాడు. మా పిల్ల చూపించిన ఒక్క ముక్కలో అది ఎనభై దాటింది. ఆ లెక్కన దారి చెబితే మా ఇంటికి ఏ చుట్టమూ చేరడు.

రెండేళ్ళకు, 1978లో, బెల్ లాబ్స్‌లో స్టీఫెన్ జాన్సన్ అనే ఆయన ఇంకొకరు రాసిన ప్రోగ్రామును చదివి నలుసులు ఏరే ప్రోగ్రాం ఒకటి తయారుచేశాడు. దాని పేరు లింట్. ఉతికిన బట్టలకు అంటుకుని ఉంటుందే నూలు పీచు, దాన్నే ఇంగ్లీషులో లింట్ అంటారు. పీచు ఉన్నంత మాత్రాన చీర చిరిగినట్టు కాదు, కానీ దులపాలి. ఇందులో గమనించాల్సిన సంగతి ఒకటుంది. ఇలాంటి పరీక్షకు ప్రోగ్రామును నడిపించి చూడనక్కర్లేదు, రాసినదాన్ని చదివితే చాలు. అన్నం వండాక పంటికింద రాయి తగిలితే తెలుసుకోవడం ఒక పద్ధతి. ముందే చేటలో పోసి ఏరుకోవడం ఇంకో పద్ధతి. ఇది రెండోది.

1992లో వార్డ్ కన్నింగ్‌హామ్ దీన్ని అప్పుతో పోల్చాడు. తొందరపడి ఎలాగో ఒకలా రాసి గట్టెక్కడం చేబదులు తెచ్చుకోవడం లాంటిదట. త్వరగా తీర్చేస్తే చిక్కులేదు. తీర్చకపోతే ఆ తర్వాత చేసే ప్రతి పనిలోనూ వడ్డీ కట్టాలి. మా పిల్ల లాప్‌టాప్‌లో కనిపించిన రోజుల లెక్క ఆ అప్పుదే! 1999లో మార్టిన్ ఫౌలర్ ప్రోగ్రాములను బాగుచేయడం గురించి పెద్ద పుస్తకం వేశాడు. అందులో కెంట్ బెక్‌తో కలిసి రాసిన అధ్యాయంలో ఈ లోపాలకు "వాసన" అని పేరు పెట్టారు. పాలు ఇంకా విరగలేదు, కానీ గిన్నె మూత తీస్తే తెలిసిపోతుంది చూడండి, అదన్నమాట. ఈ పేరు వెనక బెక్‌గారి బామ్మ పసిపిల్లల పెంపకం గురించి చెప్పిన మాట ఒకటుందని ఆ పుస్తకమే చెబుతుంది. కంప్యూటరు శాస్త్రానికి కూడా చివరికి బామ్మలే దిక్కయ్యారు!

ఇంతకీ ఏమిటా వాసనలు? మరీ పొడుగైపోయిన ముక్క ఒకటి. ఎవరికీ అక్కర్లేకుండా మూలన పడి ఉన్నది ఇంకొకటి. అన్నిటికంటే చెడ్డది, ఒకే సంగతిని నాలుగుచోట్ల రాయడం. ఆవకాయ కొలతలు నాలుగు కాగితాల మీద రాసిపెట్టుకుని, ఉప్పు ఎక్కువైందని ఒక్క కాగితం మీదే దిద్దుకున్నామనుకోండి. మరుసటేడు ఏ కాగితం చేతికొస్తుందో దేవుడికెరుక.

నేనిలా చదువుకుంటుండగా ఒక సాయంత్రం పై ఫ్లాట్ అక్కయ్యగారు కరివేపాకు కోసం వచ్చారు. ఆవిడకు యాభై దాటి ఉంటాయి. పెళ్ళిచూపుల సంగతి విని నవ్వి, "మీ అమ్మాయికి చెప్పండి, ఒకప్పుడు ఈ ఊరికి పేరు తెచ్చింది దులుపుడు పనే" అన్నారు.

అప్పుడుగానీ తెలియలేదు, ఆవిడ 1998లో కోబాల్ ప్రోగ్రామరని!

ఆ రోజులు నాకూ గుర్తే. నేను బి.ఏ. చదువుతున్నాను. అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టూ ఎటు చూసినా కోబాల్ నేర్పుతామనే బోర్డులే. నాతో ఇంటర్ చదివినవాళ్ళు సగంమంది అక్కడే ఉండేవారు. 1998 నవంబరు 22న ప్రధానమంత్రి వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించినప్పుడు ఊరంతా ఆ గుండ్రటి భవనాన్నే చూసింది. ఆ భవనంలో కాకపోయినా, ఊళ్ళో చాలా ఆఫీసుల్లో కూర్చున్న పిల్లలు అమెరికా, యూరప్ బ్యాంకుల పాత ప్రోగ్రాముల్లో తేదీలు వెతుకుతున్నారు. 1987లో మొదలైన సత్యం కంప్యూటర్స్ లాంటి హైదరాబాదు కంపెనీలకు వైటుకే పని అలా వచ్చింది.

ఈ కాలం పిల్లలకు చెప్పాలి కనక చెబుతున్నాను. వెనకటి కంప్యూటర్లకు ఏది చెప్పాలన్నా చిల్లులు పొడిచిన అట్టముక్కల మీద చెప్పేవారు. ఒక్కో అట్ట మీద 80 అక్షరాలకే చోటు. కంప్యూటరు లోపల చోటు కూడా బంగారమంత ఖరీదు. అందుకని 1965 అని రాయకుండా 65 అని రాసి సరిపెట్టారు. రెండు అక్షరాలు మిగిలాయి. మరి 2000 వస్తే? 00 అవుతుంది. దాన్ని యంత్రం 1900 అనుకుంటుంది. బాబ్ బీమర్ అనే ఆయన 1971లోనే ఈ సంగతి అచ్చులో పెట్టి హెచ్చరించాడు. ఎవరూ పట్టించుకోలేదు. చివరి నాలుగైదేళ్ళలో ప్రపంచమంతా పరుగులు పెట్టింది. సరిచేయడానికి 30 వేల కోట్ల నుంచి 60 వేల కోట్ల డాలర్లదాకా అవుతుందని గార్ట్‌నర్ సంస్థ అంచనా వేసింది. రెండక్షరాల పొదుపుకు వడ్డీ అంతయింది!

"మరి లక్షల వరసల్లో తేదీలు ఎలా వెతికేవారండీ?" అని అడిగాను.

"అప్పుడూ యంత్రమే వెతికేది" అన్నారావిడ. "ప్రోగ్రామునంతా చదివి, పేరులో డేట్ అనో, ఇయర్ అనో ఉన్నవన్నీ ఏరేది. అక్కడి అంకె ఇంకెక్కడికి వెళ్తోందో, దాని వెంట పడి అవీ ఏరేది. కానీ రాసిన మహానుభావుడు పుట్టినతేదీకి తన కుక్కపిల్ల పేరు పెట్టుకున్నాడనుకోండి, యంత్రానికేం తెలుస్తుంది? అక్కడ మా కళ్ళే దిక్కు. మూడు నెలలు నాకు కలలో కూడా తేదీలే."

సరిచేసే దారులు రెండుండేవట. అన్నిచోట్లా సంవత్సరాన్ని నాలుగంకెలు చేయడం ఒకటి. అది ఖర్చు. 50 లోపు అంకె ఉంటే 2000 తర్వాతిదనీ, పైన ఉంటే 1900 తర్వాతిదనీ అనుకోమని యంత్రానికి చెప్పడం రెండోది. అది చవక. చాలామంది చవకదే చేయించుకున్నారు. పాత అప్పు తీర్చడానికి కొత్త నోటు రాసివ్వడం మనకు తెలియనిదా?

1999 డిసెంబరు 31న ఆవిడ ఆఫీసులోనే ఉన్నారు. మన సాయంత్రం నాలుగున్నరకు న్యూజిలాండ్‌లో కొత్త సంవత్సరం వచ్చింది. ఏమీ కాలేదు. అర్ధరాత్రి మనకొచ్చింది. మర్నాడు పదిన్నరకు న్యూయార్క్‌లో పన్నెండు కొట్టింది. అప్పుడు కుర్చీలోంచి లేచి ఇంటికి వచ్చారట. అత్తగారు తలుపు తీసి, "ఏమైందే?" అన్నారు.

"ఏమీ కాలేదత్తయ్యా."

"ఏమీ కానిదానికా ఇంత హడావుడి?"

ఆ అత్తగారనేమిటి, ప్రపంచమంతా అదే మాట అంది. ఉత్త గోల, డబ్బు గుంజడానికి లేవదీసిన భయం అన్నారు. నిజానికి అక్కడక్కడ దులపని మూలలు మిగిలే ఉన్నాయి. అమెరికాకు సమయం చెప్పే నౌకాదళ అబ్జర్వేటరీవారి వెబ్‌సైటే ఆ రోజు 19100వ సంవత్సరమని చూపించింది. అది నవ్వుకునే సంగతి. ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో జరిగింది నవ్వుకునేది కాదు. గర్భిణుల రక్తపరీక్షలు లెక్కగట్టే కంప్యూటరు, 2000 జనవరి నుంచి మే దాకా తల్లుల వయసు తప్పుగా కట్టింది. 150 మందికి పైగా తల్లులకు, బిడ్డకు డౌన్స్ సిండ్రోమ్ వచ్చే ప్రమాదం తక్కువని తప్పు కబురు వెళ్ళింది. వాళ్ళలో నలుగురి బిడ్డలకు అది ఉంది. ఆ తల్లుల్ని తలుచుకుంటే, "ఏమీ కాలేదు" అన్న మాట ఎంత విలువైనదో తెలుస్తుంది.

అక్కయ్యగారి ఉద్యోగం 2001లో పోయింది. అమెరికాలో మాంద్యం, ఇక్కడ తేదీల పని అయిపోవడం, రెండూ కలిసొచ్చాయి. "ఏం చేశావని అడిగితే చూపించడానికి ఏముందండీ? కూలకుండా ఉన్నవి చూపించాలి. అవెక్కడ కనిపిస్తాయి?" అన్నారు.

నాకు మా అమ్మ గుర్తొచ్చింది. పండగనాటి బూరెల్ని ఇప్పటికీ అందరూ చెప్పుకుంటారు. నలభై ఏళ్ళు రోజూ తోమిన గిన్నెల సంగతి ఎవరైనా ఎత్తుతారా?

యాభై ఏళ్ళుగా యంత్రాలకు దుమ్ము లెక్కపెట్టడం నేర్పుతూనే ఉన్నారు. అది మంచిదే. "ఏదో బాగాలేదు" అని గొణిగితే వినని మేనేజరు, అంకె చూపిస్తే వింటాడు. కానీ ఆ వేల హెచ్చరికల్లో ఏది రేపు కొంప ముంచుతుందో, ఏది నూరేళ్ళు పడి ఉన్నా ఫర్వాలేదో ఆ అంకె ఒక్కటే చెప్పలేదు. ఆ ఇంట్లో తిరిగేవాళ్ళకే అది తెలుస్తుంది.

అక్కయ్యగారు మా పిల్లకు అదే చెప్పారు. "మొత్తం జాబితా పట్టుకెళ్ళకమ్మా, ఎవరూ చదవరు. అందులో మీరు నెలనెలా చెయ్యిపెట్టే ముక్కలేవో చూడు. పోయిన ఏడాది అర్ధరాత్రి ఫోన్లు ఏ ముక్కల వల్ల వచ్చాయో చూడు. రెండు జాబితాల్లోనూ ఉన్నవాటిని తీసుకెళ్ళు."

పిల్ల రెండు రాత్రులు కూర్చుని చూసింది. వేలల్లోంచి చివరికి తేలినవి మూడే ముక్కలు. ఎనభై దారుల ముక్క అందులో ఒకటి. కాగితం మీద వేసి మేనేజరుకిచ్చింది. ఆయన నెల రోజులేమీ ఇవ్వలేదు. శుక్రవారం మధ్యాహ్నాలు మాత్రం దీనికి వాడుకోమన్నాడు. అదైనా ఇచ్చాడు.

ఉద్యోగం మానే మాట ఈమధ్య ఎత్తడం లేదు. మొన్న శుక్రవారం వస్తూనే, చెప్పులైనా విడవకుండా, "పెద్దమ్మా, ఎనభై కాస్తా ముప్ఫై అయింది!" అని కేకేసింది. ఆ మొహం పెళ్ళిచూపులనాడు ఉంటే ఎంత బాగుండేదో అనుకున్నాను.

ఆ పెళ్ళివారి నుంచి ఇంకా కబురు రాలేదు. వస్తే సంతోషం, రాకపోతే ఇంకో సంబంధం. కానీ ఒక్క మాట. కొడుక్కి సంబంధం చూడటానికి ఈసారి మీరెక్కడికైనా వెళ్తే, ఆ పిల్ల మెయింటెనెన్స్ అంటే "ఓహో" అనకండి. "ఏం నిలబెడుతున్నావమ్మా?" అని అడగండి. చెప్పడానికి ఆ పిల్ల దగ్గర బోలెడంత ఉంటుంది.