బడి నుండి బరికి

అమెరికావారి ఫుట్‌బాల్ బంతిని చేతబట్టి పరుగిడు ఆట. హైస్కూలు ముగించిన బాలుడు అందు నేరుగా జీతపు ఆటగాడు కాగలడా? కాలేడు. 1925లో రెడ్ గ్రేంజ్ కళాశాల తుదిపోటీ ముగిసిన వెంటనే షికాగో బేర్స్ జట్టున చేరగా కళాశాలలు కలవరపడినవి. తోడివారు పట్టభద్రులగువరకు విద్యార్థిని చేర్చుకొనరాదని నేషనల్ ఫుట్‌బాల్ లీగు 1926లో కట్టడి చేసెను. 1990లో ఆ గడువు హైస్కూలు పిమ్మట మూడేండ్లకు తగ్గెను.

మారిస్ క్లారెట్ అను యువకుడు దీనిపై వ్యాజ్యమాడి 2004 ఫిబ్రవరిలో గెలిచెను. మే నెలలో పైకోర్టు ఆ తీర్పును కొట్టివేసెను. లీగుకును ఆటగాండ్ర సంఘమునకును గల కార్మిక సంబంధమే అందుకాధారము.

లేత ఎముకలను కాచుట ధర్మమే. కాని ఆ మూడేండ్ల ఆటపై రాబడి చిరకాలము కళాశాలలకే దక్కెను. కాపుదల ఎవరికొరకని మనము అడుగకుండజాలము.