చల్లకుండ పొలిమేర

ప్రాణహిత గోదావరిలో కలియు తావునకు చేరువగా సిరోంచ యున్నది. నదికి ఆవల కాళేశ్వరము, ఈవల టేకును వెదురును ఇప్పయు పెనగొన్న అరణ్యము. ఆ యరణ్యములోనికి చొచ్చిపోయిన త్రోవలో జింగనూరు తగులును. ఏటియొడ్డు పల్లెలలో వినవచ్చు తెలుగు, అడవి లోతునకు పోనుపోను, అడవివాసులగు మాడియాల గోండికి చోటిచ్చును. ఈ భాషల పొలిమేరతో పాటు మఱియొక పొలిమేరయు ఇచ్చట తరతరములుగా సాగివచ్చినది. అది చల్లకుండ పొలిమేర.

ఈ సీమ చేతులు మాఱిన కథ చిన్నదే. 1860లో నిజాము గోదావరీ వామతీరపు తాలూకాలను ఆంగ్లేయుల కొప్పగింపగా, సిరోంచ ముఖ్యస్థానముగా ఎగువ గోదావరి జిల్లా ఏర్పడెను. 1874లో ఆ జిల్లా రద్దయి సిరోంచ చాందాలో కలిసెను. 1982లో క్రొత్తగా ఏర్పడిన గడ్చిరోలి జిల్లాలో చేరెను. దొరతనము లెన్ని మాఱినను తెలుగిండ్లలో ఉట్టిమీది కుండ మాత్రము దిగలేదు.

ఆ కుండను సిద్ధపఱచుట యెంత యోర్పుగల పనియో నేటి పట్టణవాసులకు తెలియకపోవచ్చును. పిదికిన పాలను పిడకల దాలిపై నుంచి, మీగడ యెఱ్ఱబాఱువఱకు సన్నసెగను కాగనిచ్చి, వ్రేలు ముంచిన ఓర్చుకొనునంత వెచ్చదనమునకు దిగినపిదప నిన్నటి పెరుగును రవంత కలిపి తోడువేసి, చలికాలమైన పొయ్యిచెంతను, వేసవియైన చల్లనిచోటను కదల్పక యుంచి, గట్టిగా పేరుదాక ముట్టక, తెల్లవాఱుజామున కవ్వమున చిలికి వెన్న తీసి, మిగిలిన చల్లలో నీరుపోసి, ఉప్పును శొంఠియు చేర్చి యింటిల్లిపాదికి పోయుట తెలుగు గృహిణి యాచారము. ఈ క్రమములో ఏ మెట్టు తప్పినను కడుపు చెప్పును. పాలు చక్కగా కాగకున్నను, కుండ సరిగా కడిగి యెండబెట్టకున్నను, తోడు ముదిరి చెడినదైనను, అన్నిటికంటె ముఖ్యముగా తొందరపడి సగము పేరిన దానినే వడ్డించినను, ఉబ్బరము, గుడగుడ, పుల్లని త్రేన్పులు, విరేచనములు వరుసగా వచ్చును. ముందుగా పసిబిడ్డలకే వచ్చును. ఇంటిలో చేసినదెల్ల మేలే యనుకొనుట పొరపాటు. చేసిన చేతి శ్రద్ధయే దాని మేలు.

మన వైద్యులు ఈ సంగతి నెన్నడో గుర్తించిరి. 16వ శతాబ్దపు భావమిశ్రుడు భావప్రకాశమున పెరుగును అయిదు విధములుగా విభజించి, వానిలో మొదటిదగు మందదధిని, అనగా పాలు కొంచెము చిక్కబడియు రుచి యింకను తేలని దానిని, త్రిదోషకరమనియు, మలమూత్రములను ప్రవర్తింపజేసి మంట పుట్టించుననియు చెప్పెను. చరకసంహిత సూత్రస్థానము ఏడవ యధ్యాయము, రాత్రివేళ పెరుగు తినరాదనియు, వేడిచేసి తినరాదనియు, నేయి, చక్కెర, పెసరకట్టు, తేనె, ఉసిరిక వీనిలో ఏదియు తోడులేక తినరాదనియు విధించినది. అట్టి చరకమే తక్రమును, అనగా చల్లను, మూలవ్యాధికిని గ్రహణికిని ఔషధముగా కొనియాడినది! పాలొక్కటియే, తీర్పులు రెండు. నడుమ నున్నవి కవ్వమును నీరును.

ఇక అడవిలోనికి పోదము. మాడియాల కొట్టములలో ఆవు లుండును, కాని పూర్వాచారమున వానిని పిదుకరు. పాలు దూడ సొత్తని వారి నమ్మిక. గోండిలో పాలకు ‘పాల్’ అనియే పేరు, మన మాటకు తోబుట్టువు. మాట యున్నది, పాడి లేదు. చల్లకు మాఱుగా వారి దాహము తీర్చునది జావ. వెలుపలివారు పలువురు దీనిని తెలియనితనముగా నెంచిరి. నేనట్లెంచను, వారి కడుపు వారికి తెలిసినంతగా మనకు తెలియదు.

పాలలోని తీపికి క్షీరశర్కర కారణము. 100 గ్రాముల ఆవుపాలలో అది సుమారు 5 గ్రాములుండును. దానిని చీల్చు లాక్టేజ్ అను రసము శిశువుల చిన్నప్రేవులలో సమృద్ధిగా నుండి, తల్లిపాలు మానిన తరువాత లోకములో అధికసంఖ్యాకులకు తగ్గిపోవును. తరతరములుగా పాడిపై జీవించిన పెక్కు జాతులలో మాత్రము పెద్దతనమునను నిలుచును. చీలని శర్కర పెద్దప్రేవునకు దిగి, అచ్చటి సూక్ష్మజీవుల వలన వాయువై యుబ్బించును, నీటిని లాగి విరేచనమగును. 1981లో ప్రకటితమైన యొక పరిశీలనలో ఢిల్లీలో నూటికి సుమారు 27 మందికి, తిరువనంతపురము, పుదుచ్చేరిలలో నూటికి సుమారు 66 మందికి ఈ శర్కర సరిపడలేదని తేలినది. దక్షిణాదివారిలోనే యింతమందికి సరిపడనప్పుడు, పాడియే లేని యరణ్యవాసి కడుపు పాలను నిరాకరించుటలో వింతయేమి?

అట్లైన మన పూర్వులు పాడి నెట్లు నిలుపుకొనిరి? పులియబెట్టి నిలుపుకొనిరి. తోడులోని జీవులు శర్కరలో కొంత తామే తిని పులుపుగా మార్చును. అంతేకాక, దానిని చీల్చు రసమును తమతో గొనివచ్చి మన ప్రేవులలోను పనిచేయునని 1984లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ పత్రికలో అమెరికా పరిశోధకులు వెల్లడించిరి. సగము పేరిన పెరుగులో శర్కర తఱుగదు, చెడ్డజీవులను అణచునంత పులుపు పుట్టదు. భావమిశ్రుని మందదధి నింద యిచ్చట అర్థమగుచున్నది. వేడిచేసిన పెరుగులో ఆ జీవులు చచ్చును. చరకమునకు ఈ జీవులు తెలియవు, ఐనను ఆ నిషేధము చదివినప్పుడెల్ల నాకు అబ్బురము కలుగును.

ఈ సీమ ఆశ్రమపాఠశాలలలో అడవిబిడ్డలకు వడ్డించువారికి నా మనవి యొక్కటి. పాలు త్రాగి కడుపునొప్పి యనిన బిడ్డను మొండిబిడ్డ యనకుడు. గట్టిగా పేరిన పెరుగును చిలికి, నీరు మెండుగా పోసిన మజ్జిగను అరముంతతో మొదలుపెట్టుడు. కడుపు ఒప్పుకొన్నకొలది పెంచుడు. ఒప్పుకొననిచో బలవంతపెట్టక వారి జావనే వారికి పోయుడు.