స్నేహలత డైరీలో మిగతా ఆడవాళ్ళు

"ఆరెంజ్ ఈజ్ ద న్యూ బ్లాక్" చూశారా? 2013 నుంచి 2019 దాకా నెట్‌ఫ్లిక్స్‌లో ఏడు సీజన్లు వచ్చిన ఆడవాళ్ళ జైలు కథ. పైపర్ కెర్మన్ అనే ఆవిడ 2010లో వేసిన జైలు జ్ఞాపకాల పుస్తకం దానికి ఆధారం. బాగా చదువుకున్న, ఉన్నవాళ్ళింటి తెల్లమ్మాయి జైలుకి వెళ్తుంది. మొదట్లో కథంతా ఆ అమ్మాయి చుట్టూనే. పోనుపోనూ పక్క మంచాల మీది నల్లజాతి వాళ్ళు, లాటినోలు, ముసలివాళ్ళు కథని తమవైపు లాగేసుకుంటారు. ఈ అమ్మాయిని ముందు పెట్టకపోతే వాళ్ళ కథలు ఎవరూ కొనేవారు కాదని, సీరియల్ తీసిన జెంజి కోహన్ దాపరికం లేకుండానే చెప్పింది.

ఇదేదో అమెరికా టీవీ వ్యాపారం కిటుకు అనుకుంటాం గానీ, మన చరిత్రలో కూడా ఆడవాళ్ళ జైలు గురించి మనకి తెలిసింది చాలావరకు ఇలాగే తెలిసింది.

దుర్గాబాయి సంగతి చూడండి. 1930 ఉప్పు సత్యాగ్రహంతో మొదలుపెట్టి రాయవేలూరు, మదురై జైళ్ళు చూసింది. అక్కడ కలిసిన ఆడ ఖైదీల్లో, చట్టం తెలియక, చదువు రాక, చెయ్యని నేరాలు నెత్తిన వేసుకున్నవాళ్ళున్నారు. లా చదవాలన్న పట్టుదల వాళ్ళని చూశాకే వచ్చిందని ఆవిడే చెప్పుకుంది. 1937లో ఆంధ్ర మహిళా సభ, 1942లో మద్రాసులో ప్లీడరు పని, తర్వాత రాజ్యాంగ సభ... అన్నీ మనకి తెలుసు. దారి చూపించిన ఆ ఖైదీల పేర్లు మాత్రం ఏ పాఠ్యపుస్తకంలోనూ లేవు.

రెండో ఆవిడ స్నేహలతా రెడ్డి. "ఫిడేలు రాగాల డజన్" పఠాభి గారి భార్య అంటే సాహిత్యం చదివేవాళ్ళకి చప్పున తెలుస్తుంది. 1970లో పఠాభి తీసిన కన్నడ "సంస్కార"లో చంద్రి ఆవిడే. ఆ సినిమాకి జాతీయ ఉత్తమ చిత్రం బహుమతి వచ్చింది. దంపతులిద్దరూ లోహియా సోషలిస్టులు, జార్జి ఫెర్నాండెజ్‌కి స్నేహితులు. ఎమర్జెన్సీలో, 1976 మే 2న బరోడా డైనమైట్ కేసు పేరుతో ఆవిడని అరెస్టు చేశారు. ఆఖరి ఛార్జిషీటులో ఆవిడ పేరే లేదు. అయినా వదల్లేదు. మీసా ఉంది కదా, విచారణ అక్కర్లేదు!

బెంగుళూరు సెంట్రల్ జైల్లో ఎనిమిది నెలలు. ఉబ్బసం మనిషి, సరైన వైద్యం లేదు. రాత్రి నిశ్శబ్దంలో ఆవిడ కేకలు వినపడేవని అదే జైల్లో ఉన్న మధు దండవతే తర్వాత రాశారు. 1977 జనవరి 15న పెరోల్ మీద వదిలారు. 20న చనిపోయింది. జైల్లో రాసుకున్న డైరీని ఆ ఏడాదే కర్ణాటక మానవ హక్కుల సంఘం అచ్చు వేసింది.

ఆ డైరీలో ఆవిడ తన జబ్బు గురించే రాసుకుని ఉంటే ఎవరూ తప్పుపట్టరు. కానీ పక్క గదుల్లో ఆడవాళ్ళని కొట్టడం మాన్పించానని, వాళ్ళ తిండి కాస్త బాగుపడేలా చేశానని కూడా రాసుకుంది. రాజకీయాలతో సంబంధం లేని మామూలు ఖైదీలు వాళ్ళు. ఎమర్జెన్సీకి ముందూ దెబ్బలు తిన్నారు. ఢిల్లీలో ప్రభుత్వం మారినా వాళ్ళ కోసం పెరోల్ కాగితాలు పట్టుకుని ఎవరూ రాలేదు. పేరూ పరపతీ ఉన్న మనిషి ప్రాణమే దక్కనప్పుడు, ఏమీ లేనివాళ్ళ సంగతి ఏమిటి?

నేనుండే ఖతార్‌లో ఈ ప్రశ్న పాతది కాదు. కడప నుంచి, గోదావరి జిల్లాల నుంచి ఖద్దామా పనికి గల్ఫ్ వచ్చిన ఆడవాళ్ళ గురించి అందరికీ తెలుసు. కొట్టారనో జీతం ఇవ్వలేదనో ఇల్లు వదిలి బయటపడితే కఫీల్ "పారిపోయింది" అని కేసు పెట్టొచ్చు. మనవాళ్ళ భాషలో ఖల్లివెల్లి. ఇక్కడి 2004 నాటి శిక్షాస్మృతిలో పెళ్ళి కాకుండా సంబంధం కూడా నేరమే. కడుపు వస్తే అదే సాక్ష్యం. ఇలా డిపోర్టేషన్ సెంటర్‌కో జైలుకో చేరిన ఇంటిపని ఆడవాళ్ళ గురించి 2014లో ఆమ్నెస్టీ ఒక నివేదిక వేసింది. 2017లో ఇంటిపనివాళ్ళకంటూ ఒక చట్టం వచ్చింది. శిక్ష పడ్డ ఖైదీలని సొంత దేశానికి పంపే ఒప్పందం మీద భారత్, ఖతార్ 2015లోనే సంతకాలు చేశాయి.

కాగితం మీద దారులు ఉన్నాయి. కానీ ఏ దారి తెరుచుకోవాలన్నా, ఫలానా ఊరి ఫలానా మనిషి లోపల ఉందని ముందు ఎవరో ఒకరు బయటికి చెప్పాలి. బెంగుళూరులో ఆ పని ఒక నటి చేసింది, అదీ ఊపిరి అందని స్థితిలో.

ఆ డైరీ దొరికితే చదవండి, చిన్న పుస్తకమే. తన గురించి రాసుకున్న చోట ఎలాగూ ఆగుతారు, పక్క గదుల గురించి రాసిన చోట కూడా కాస్త ఆగండి.