పిల్లల కంప్యూటర్ నైపుణ్యానికి కొలత

బడిపిల్లలకు కంప్యూటర్ ఎంతవరకు వచ్చో పెద్ద ఎత్తున కొలిచే ప్రయత్నాలు 1970 దశకం చివర్లో అమెరికాలో ఊపందుకున్నాయి. మిన్నెసోటా రాష్ట్రంలో బడులకు కంప్యూటర్ సేవలందించే ఎంఈసీసీ సంస్థ అందులో ముందుంది. కంప్యూటర్ ఏం చేయగలదు, సమాజంలో దాని పాత్ర ఏమిటి వంటి ప్రశ్నలకు అప్పట్లో ప్రాధాన్యం ఉండేది. దీనిమీద 1981లో వాదం నడిచింది. కంప్యూటర్ గురించి తెలియడం వేరని, దానిచేత పని చేయించగలిగితేనే వచ్చినట్టని కంప్యూటర్ విద్యావేత్త ఆర్థర్ లూర్‌మన్ అన్నారు. అవగాహన, వైఖరి కూడా లెక్కలోకి రావాలని పరిశోధకుడు రొనాల్డ్ ఆండర్సన్, ఆయన సహచరులు బదులిచ్చారు. తర్వాత వచ్చిన పరీక్షల్లో ఈ రెండు వాదనల జాడా కనిపిస్తుంది.

ఆచరణలో చాలాకాలం గెలిచింది మాత్రం కాగితమే. 1985-86లో అమెరికా జాతీయ మదింపు సంస్థ 3, 7, 11 తరగతుల పిల్లలకు కంప్యూటర్ సామర్థ్య పరీక్ష పెట్టింది. అదీ పెన్సిలుతో రాసేదే. బడికి ఉన్న కొద్దిపాటి కంప్యూటర్ల ముందు పిల్లలందర్నీ కూర్చోబెట్టడం అయ్యే పని కాదు.

భారతదేశంలో 1984-85లో ‘క్లాస్’ పథకం కింద బీబీసీ మైక్రో కంప్యూటర్లు తొలివిడతగా సుమారు 250 బడులకు చేరాయి. తర్వాత కంప్యూటర్ బోర్డు పరీక్షల్లో ఒక సబ్జెక్టయింది. సీబీఎస్ఈ 12వ తరగతి కంప్యూటర్ సైన్స్‌లో రాతపరీక్షకు 70 మార్కులు, ప్రాక్టికల్స్‌కు 30. పైథాన్ ప్రోగ్రాం జవాబుపత్రం మీద పెన్నుతో రాయాలి. తప్పులున్న ప్రోగ్రాం ఇచ్చి, సరిచేసి, దిద్దిన చోటల్లా గీత గీయమంటారు. అసలు కంప్యూటర్‌లోనైతే ఆ తప్పును యంత్రమే చూపిస్తుంది, విద్యార్థి దాన్ని చూసి దిద్దుకుంటూ పోతాడు. పనిలో కీలకమైన ఆ నేర్పు రాతపరీక్షకు అందదు.

చేతిపనిని నేరుగా చూసే పద్ధతికి ఐరోపాలో దారి పడింది. 1994లో ఫిన్లాండ్ ‘కంప్యూటర్ డ్రైవింగ్ లైసెన్స్’ తెచ్చింది. అదే తర్వాత ఈసీడీఎల్ పేరుతో దేశదేశాలకూ పాకింది. అమెరికాలో 2001 నాటి ‘నో చైల్డ్ లెఫ్ట్ బిహైండ్’ చట్టం 8వ తరగతి ముగిసేసరికి ప్రతి విద్యార్థికీ సాంకేతిక అక్షరాస్యత రావాలంది.

అసలు మలుపు 2013లో వచ్చింది. ఐఈఏ అనే అంతర్జాతీయ సంస్థ 21 విద్యావ్యవస్థల్లో సుమారు 60,000 మంది 8వ తరగతి పిల్లలకు ఐసీఐఎల్ఎస్ పరీక్షను కంప్యూటర్ మీదే పెట్టింది. బడి అయ్యాక జరిగే వ్యాయామ కార్యక్రమానికి పోస్టరు తయారుచేయడం అందులో ఒక పని. మధ్యలో ఒక దొంగ మెయిల్ వస్తుంది, అది మోసమని ఎలా తెలిసిందో విద్యార్థి చెప్పాలి. మౌస్ ఎక్కడ నొక్కాలో తెలిస్తే చాలదు, నమ్మాలో వద్దో తేల్చుకోవాలి. అత్యున్నత స్థాయికి చేరినవాళ్లు 2 శాతమే. 17 శాతం మంది అట్టడుగు స్థాయినైనా అందుకోలేదు. ఫోన్లతో పుట్టిపెరిగిన తరానికి ఇవన్నీ వాటంతటవే వస్తాయన్న భ్రమ అక్కడితో తొలగిపోవలసింది.

2014లో అమెరికా జాతీయ మదింపు సంస్థ పెట్టిన పరీక్ష పరిధిని ఇంకా పెంచింది. ఒక ప్రశ్నలో మారుమూల ఊళ్లో పాడైన బోరింగు లోపం ఎక్కడుందో వరసగా వెతికి పట్టుకోవాలి. సాంకేతికత అంటే కంప్యూటర్ ఒక్కటే కాదని గుర్తుచేసిన మంచి ప్రశ్న అది. ఆ పరీక్షలో ఆడపిల్లలు మగపిల్లల్ని దాటారు.

ఐసీఐఎల్ఎస్‌లో భారత్ పాల్గొనలేదు. ఇక్కడ నేరుగా పని చేయించి చూడటం కొంతవరకు బడి బయట, ‘అసర్’ సర్వేలో జరిగింది. 2024లో గ్రామీణ ప్రాంతాల్లోని 14-16 ఏళ్ల పిల్లల్ని స్మార్ట్‌ఫోన్‌లో అలారం పెట్టమన్నారు, సమాచారం వెతకమన్నారు, యూట్యూబ్ వీడియో పట్టుకోమన్నారు. ఫోన్ వాడటం వచ్చన్నవాళ్లు 82 శాతం పైనే. అయితే సర్వే సమయానికి ఫోన్ తెచ్చుకోగలిగిన పిల్లలకే ఈ పనులు ఇచ్చారు. తెచ్చుకోలేనివాళ్ల నైపుణ్యం ఎంతో ఆ లెక్కల్లోకి రాలేదు.