బెజెల్ బిగి కథ

పాత డైవింగ్ వాచీ కొనబోయేవాళ్ళు ముందు డయల్ చూస్తారు, తర్వాత లోపలి మెషిన్ సంగతి అడుగుతారు. నేను మాత్రం బెజెల్ తిప్పి చూడమంటాను. డయల్ చుట్టూ ఉండే ఆ వలయం వేలు తగిలితే చాలు జారిపోతోందంటే, ఆ వాచీ ఏ పని కోసం పుట్టిందో ఆ పనికి పనికిరాదు.

తిరిగే వలయం మొదట పనికొచ్చింది నీళ్ళలో కాదు, ఆకాశంలో. అమెరికా నౌకాదళ అధికారి ఫిలిప్ వాన్ హార్న్ వీమ్స్ నక్షత్రాలను బట్టి దారి లెక్కగట్టడం విమాన చోదకులకు నేర్పేవారు. ఆ లెక్కలో 4 సెకన్లు తేడా వస్తే భూమధ్యరేఖ దగ్గర ఒక నాటికల్ మైలు తప్పుతుంది. నడుస్తున్న వాచీని ఆపకుండా, సెకన్ల అంకెలున్న వలయాన్నే రేడియో సంకేతానికి సరిగ్గా తిప్పుకునే ఏర్పాటు ఆయనది. లాంజీన్స్ కంపెనీ దాన్ని వాచీగా చేసింది. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వైమానికులకిచ్చిన ఈ రకం వాచీల్లో, పెట్టిన బెజెల్ కదలకుండా బిగించడానికి పక్కన విడిగా ఒక మర ఉండేది. అంటే తిప్పుకునే వీలుతోపాటే జారిపోతుందన్న బెంగ కూడా పుట్టిందన్నమాట.

1943లో ఫ్రాన్స్‌లో కుస్తో, గాన్యాఁ నీళ్ళలో ఊపిరి పీల్చుకునే ఆక్వాలంగ్ తయారుచేశాక ఆ బెంగ ప్రాణాల మీదికి వచ్చింది. వీపున ఉన్న సిలిండర్లో గాలి ఇన్ని నిమిషాలకే అన్న లెక్క ఉంటుంది. బ్లాంక్‌పాఁ కంపెనీ అధిపతి జాఁ-జాక్ ఫీష్టర్ స్వయంగా డైవరు. ఒకసారి ధ్యాసలో టైము మరిచిపోయి, గాలి అయిపోయి, హడావుడిగా పైకి రావలసివచ్చింది. 1953లో వచ్చిన ఫిఫ్టీ ఫాథమ్స్ వాచీ వెనక ఉన్నది ఆ అనుభవమే. కిందికి నొక్కితేనే తిరిగే బెజెల్‌ను ఆయన దానికి పెట్టించారు. ఫ్రెంచ్ నౌకాదళంలో యుద్ధ ఈతగాళ్ళ దళాన్ని తీర్చిదిద్దుతున్న మలూబియే, రిఫో అడిగిన వాచీ సరిగ్గా అదే.

వాడే పద్ధతి తేలిక. దిగేముందు బెజెల్ మీది త్రికోణాన్ని నిమిషాల ముల్లుకు ఎదురుగా పెట్టాలి. ముల్లు 10 దగ్గర ఉండగా దిగితే, అది 30కి చేరేసరికి బెజెల్ మీద 20 కనిపిస్తుంది. ఈలోగా ఏ తాడో తగిలి బెజెల్ ముల్లు నడిచే దిశలో 5 నిమిషాలు జరిగిందనుకోండి, 15 అయిందని మోసపోతాం. ఎదురు దిశలో జరిగితే 25 చూపిస్తుంది, ముందే పైకి వస్తాం, బతికిపోతాం. ఎదురు దిశలో మాత్రమే తిరిగే బెజెల్ వచ్చింది ఇందుకే. డైవింగ్ వాచీల చరిత్ర మొత్తంలో నాకు అన్నిటికన్నా నచ్చిన ఆలోచన ఇది: తప్పు జరగకుండా ఆపలేకపోతే, జరిగే తప్పును ప్రాణాలు నిలిచే వైపుకు మళ్ళించడం. 1970లో ఒమెగా కంపెనీ ప్లోప్రాఫ్ వాచీ ఎర్ర బొత్తాం నొక్కితేనే బెజెల్ కదిలేలా చేసింది. 1982లో వచ్చిన డైవింగ్ వాచీల ఐఎస్ఓ 6425 ప్రమాణం బెజెల్ దానంతటది కదలకూడదని నియమం పెట్టింది.

ఆ ప్రమాణానికి ముందు నాటి బెజెళ్ళు చాలావరకు రెండు వైపులా తిరిగేవే. అవి జారకుండా ఆపేది బిగి ఒక్కటే. 1970ల నాటి సీకో 6309 తీసుకోండి. బెజెల్ లోపల ఒక రబ్బరు రింగు, దాని కింద పళ్ళు, కేసు గుంటలో చిన్న స్ప్రింగు మీద ఆవగింజంత ఉక్కు గుండు. గుండు పంటి నుంచి పంటికి దూకితే టిక్కుమంటుంది, రబ్బరు బిగి ఇస్తుంది. ఏళ్ళు గడిచేకొద్దీ రబ్బరు ఎండి కుదించుకుపోతుంది. కొన్నిట్లో చెమట, ఉప్పు, మట్టి గట్టిపడి ఆ బిగిని తామే మోస్తుంటాయి. శుభ్రం చేయగానే బెజెల్ మరీ వదులవుతుంది. కంగారు పడక్కర్లేదు, అసలు లోపం అప్పుడు బయటపడిందంతే.

బెజెల్ విప్పాలంటే కేసు అంచుకు టేపు అంటించి, వాచీని పారదర్శకమైన కవరులో పెట్టి, సన్నని బ్లేడుతో బెజెల్ చుట్టూ కొద్దికొద్దిగా లేపాలి. కవరు లేకపోతే గుండు ఎగిరిపోతుంది, మళ్ళీ దొరకదు. కొత్త రబ్బరు రింగు వేసి, పైపైన సిలికాన్ గ్రీజు రాసి, రెండు బొటనవేళ్ళతో సమంగా నొక్కాలి. పాత రోలెక్స్ సబ్‌మెరైనర్లో రబ్బరు బదులు పల్చటి స్ప్రింగు వాషరు ఉంటుంది. అది చదునైపోతే వంపులను కొంచెం పైకి లేపాలి. ఎక్కువ లేపితే విరుగుతుంది. జిగురు మాత్రం ఎక్కడా వాడొద్దు. 1950ల నాటి వాచీల్లో మెరిసే పూతలో రేడియం ఉంటుంది కాబట్టి బెజెల్ మీది గుర్తులను గీకవద్దు, ఊదవద్దు.

సబ్‌మెరైనర్లో అద్దాన్ని పట్టి ఉంచే రింగు బెజెల్ కిందే ఉంటుంది. అందుకని ఆ పని పూర్తయ్యాక ప్రెషర్ టెస్టు చేయించే వరకు నీళ్ళలోకి దించకూడదు.