గ్రామకంఠం, వెంచర్, 484 గజాలు

వెంచర్ల గురించి, మేడల ఎత్తు గురించి ఖమ్మం జిల్లాలోని ఎర్రుపాలెం వంటి ఊళ్లలో తలెత్తే తగవుల మూలం ఇటీవలి చట్టాల్లో కన్నా, ఊరికీ పొలానికీ నడుమ పూర్వులు పాటించిన హద్దులోనే ఎక్కువగా కనిపిస్తుంది. ఆ హద్దు లోపలి నివాసభూమిని గ్రామకంఠమనీ, నిజాం రెవెన్యూ పరిభాషలో ఆబాదీ అనీ అన్నారు. పొలానికి ఉన్నట్టు దానికి భూమిశిస్తు గానీ ఇంటింటికీ వేర్వేరు సర్వే నంబర్లు గానీ లేనందువల్ల, చూరునీళ్లు ఎవరి వైపు పడాలి, బండి తిరగడానికి ఎంత సందు విడవాలి అన్న విషయాలను దస్త్రం కన్నా పెద్దమనుషుల మాటే తేల్చేది.

1953లో ఖమ్మం జిల్లా ఏర్పడేదాకా ఈ ప్రాంతం వరంగల్ జిల్లాలోని మధిర తాలూకాలో ఉండేది. పొలిమేర అవతల మద్రాసు రాష్ట్రపు కృష్ణా జిల్లా. ఆ విభజన గుర్తు భూమి కొలతలో నేటికీ చెరగలేదు: ఇటు 121 గజాల గుంట, అటు 48.4 గజాల సెంటు. 1889లో బెజవాడకు చేరిన నిజాం రైలు ఈ రెండు కొలతల నేలలనూ కలిపింది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002 నాటి గ్రామపంచాయతీ లేఅవుట్, భవన నియమాలు పల్లె కట్టడాలను నక్షా పరిధిలోకి తెచ్చాయి. లేఅవుట్ అంటే పొలాన్ని రోడ్లు, ప్లాట్లు, ఉమ్మడి స్థలంగా విభజించే పటం. జనం నోట అదే వెంచర్. 300 చదరపు మీటర్ల లోపు స్థలంలో పది మీటర్ల ఎత్తు వరకు ఇంటికి పంచాయతీయే అనుమతి ఇవ్వవచ్చునన్నారు. పది మీటర్లంటే దాదాపు మూడంతస్తులు. ఎడ్లబండికని విడిచిన సందులో అంత మేడ లేస్తే ఎదురింటికి ఎండ తగ్గుతుంది, మురుగుకాలువ మీద భారం పెరుగుతుంది.

అంతకన్నా బరువైన ఫిర్యాదు ఉమ్మడి స్థలానిది. ఎకరానికి 4,840 గజాలు. అందులో పదో వంతు, అంటే 484 గజాలు, ఖాళీగా విడవాలన్నది లేఅవుట్ నియమం. అది విడవకుండా అమ్మిన ప్లాట్లను క్రమబద్ధం చేయడానికి తెలంగాణ ప్రభుత్వం 2020లో పెట్టిన ఎల్‌ఆర్‌ఎస్ (లేఅవుట్ క్రమబద్ధీకరణ) పథకం, ఆ లోటుకు బదులుగా స్థలం విలువలో 14 శాతం కట్టమన్నది. కాగితం మీద లోటు తీరినట్టే గానీ, రొక్కం ఖజానాకు చేరుతుంది, పిల్లలు ఆడుకునే జాగా మాత్రం ఆ వీధికి తిరిగి రాదు. పైగా వసూలయ్యేది ప్లాటు కొన్నవాని నుంచే గాని, జాగా మింగి అమ్మినవాని నుంచి కాదు.

2024 అక్టోబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన 57 కిలోమీటర్ల ఎర్రుపాలెం–అమరావతి–నంబూరు రైలుమార్గం, కృష్ణానదిపై 3.2 కిలోమీటర్ల వంతెనతో కలిపి 2,245 కోట్ల రూపాయల అంచనా వ్యయంతో, ఈ ఊరినే మొదలుగా చేసుకొన్నది. ఎకరాల్లో కొని గజాల్లో అమ్మే వ్యాపారానికి ఇంతకన్నా మంచి ప్రకటన అక్కరలేదు.