గ్రామసేవక్ మొదలు రైతు సేవా కేంద్రం దాకా

పరిశోధన కేంద్రంలో తేలిన సంగతిని రైతు పొలానికి చేర్చి, పొలంలో ఎదురైన చిక్కును తిరిగి పరిశోధకుల దృష్టికి తెచ్చే పనిని వ్యవసాయ విస్తరణ అంటారు. తెలుగు నేల మీద విస్తరణ కంటే పరిశోధనే ముందు స్థిరపడింది. మద్రాసు ప్రెసిడెన్సీలో 1882లో వ్యవసాయ శాఖ ఏర్పడింది. చెరకుకు అనకాపల్లిలో 1913లో, వరికి మారుటేరులో 1925లో పరిశోధన కేంద్రాలు వెలిశాయి. గుంటూరు దగ్గర లాం ఫారం కూడా ఆ కాలానిదే. అక్కడ ఎంచి తీసిన విత్తనాల గురించి ఊళ్లలో చెప్పడానికి ఉన్నది కొద్దిమంది వ్యవసాయ డిమాన్‌స్ట్రేటర్లు మాత్రమే. వారి మాట ఎక్కువగా బాట పక్క ఊళ్ల దగ్గర, పెద్ద రైతుల దగ్గర ఆగిపోయేది.

1943లో, బెంగాల్ కరువు ఏడాదిలో, ‘అధికాహారోత్పత్తి’ ఉద్యమం మొదలైంది. దాని ఫలితాలను పరిశీలించిన వి.టి. కృష్ణమాచారి సంఘం 1952లో ఒక ముఖ్యమైన మాట చెప్పింది. రైతు బతుకు ఒక్కటే. దాన్ని శాఖలవారీగా ముక్కలు చేసి చూస్తే లాభం లేదని, ఊరికి దగ్గరగా ఉండే ఒకే విస్తరణ వ్యవస్థ దేశమంతటా కావాలని సూచించింది. ఆ ఏడాది అక్టోబరు 2న 55 ప్రాజెక్టులతో సామాజికాభివృద్ధి పథకం ఆరంభమైంది. సరిగ్గా ఏడాదికి జాతీయ విస్తరణ సేవ వచ్చింది. సుమారు వంద ఊళ్లు ఒక బ్లాకు. దానికి ఒక బ్లాకు అభివృద్ధి అధికారి (బి.డి.ఓ.), ఆయన కింద వ్యవసాయం, పశుపోషణ, సహకారం వంటి శాఖలకు విస్తరణాధికారులు. అందరి కంటే కింద, రైతుకు అందరి కంటే దగ్గరగా, పదేసి ఊళ్లకు ఒకరు చొప్పున గ్రామసేవక్.

ఈ ఉద్యోగి చేయని పని లేదు. 1953లో ‘జపాన్ పద్ధతి’ వరి సాగు ప్రచారం మొదలైనప్పుడు ఎత్తు మడుల్లో నారు పోయించడం, వరసల్లో నాటించడం, కలుపు తీయించడం చేసి చూపాల్సిన బాధ్యత ఆయన మీదే పడింది. కంపోస్టు గుంతలు తవ్వించాలి, పచ్చిరొట్టకు జీలుగ, జనుము చల్లించాలి, రసాయన ఎరువు బస్తా అంటే భయపడే రైతుకు నచ్చజెప్పాలి. ఊరి బావి మరమ్మతు, బాట, మరుగుదొడ్డి, వయోజన విద్య కూడా ఆయన పనులే. ఆడవాళ్ల మధ్య పని చేయడానికి గ్రామసేవికలను నియమించారు. మహిళా మండలులు, పొగ రాని పొయ్యిలు, పెరటి కూరగాయలు, పిల్లల ఆహారం వారి పరిధిలోకి వచ్చాయి. ఊరి మేలు అంటే పంట దిగుబడి ఒక్కటే కాదని ప్రభుత్వం గట్టిగా నమ్మిన కాలం అది. ఆ నమ్మకం గొప్పది. అయితే దాని బరువంతా అతి తక్కువ జీతగాడి నెత్తిన పెట్టారు. జనం సామాజికాభివృద్ధి పథకాన్ని తమదిగా భావించడం లేదని 1957లో బల్వంతరాయ్ మెహతా సంఘం తేల్చింది. 1959లో షాద్‌నగర్‌లో నెహ్రూ చేతుల మీదుగా ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ ప్రారంభమయ్యాక బ్లాకు పగ్గాలు పంచాయతీ సమితికి దక్కాయి.

దేశంలో సాంద్ర వ్యవసాయ పథకానికి మొదట ఎంచుకున్న ఏడు జిల్లాల్లో పశ్చిమ గోదావరి ఒకటి. 1960-61లో మొదలైన ఈ పథకంలో బ్లాకుకు గ్రామసేవకుల సంఖ్యను రెట్టింపు చేశారు. మంచి విత్తనం, ఎరువు, సహకార సంఘం అప్పు, సలహా నాలుగూ కలిపి అందించారు. సలహాతో పాటు సరుకూ చేతికి అందింది కాబట్టే ఈ ప్రయత్నం నిలిచింది. 1960ల చివర ఐ.ఆర్.8 వరి వచ్చేనాటికి డెల్టా రైతు సిద్ధంగా ఉన్నాడు. ఆచంటకు చెందిన నెక్కంటి సుబ్బారావు ఆ రకాన్ని పండించి చూపి ‘మిస్టర్ ఐ.ఆర్.8’గా పేరు పొందారు. ఆ తర్వాత మారుటేరు నుంచి స్వర్ణ, బాపట్ల నుంచి సాంబ మసూరి వచ్చాయి. ఈ రెండూ ఆఫీసు కాగితాల కంటే రైతు నుంచి రైతుకే ఎక్కువ పాకాయి. 1964లో రాజేంద్రనగర్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడింది. దానికి అమెరికాలోని కాన్సాస్ స్టేట్ విశ్వవిద్యాలయం తోడ్పడింది. రేడియోలో వ్యవసాయ కార్యక్రమాలు, 1969 నుంచి ‘అన్నదాత’ పత్రిక చదువురాని ఇళ్లకూ, చదివిన ఇళ్లకూ కొత్త కబురు చేరవేశాయి.

1980లలో ప్రపంచ బ్యాంకు అండతో ‘శిక్షణ-సందర్శన’ పద్ధతి అమలైంది. పదిహేను రోజులకోసారి శిక్షణ, ముందే ఖరారైన రోజున ఊరి సందర్శన, వ్యవసాయం తప్ప మరో పని వద్దు అన్నది దాని నియమం. క్రమశిక్షణ పెరిగింది. కానీ నీరున్న ప్రాంతపు వరికి తగిన సందేశం అనంతపురం వేరుశనగ రైతుకు పనికి రాలేదు. బ్యాంకు డబ్బు ఆగాక ఖాళీలు నిండలేదు. ఆ ఖాళీలోకి పురుగుమందుల దుకాణం వచ్చింది. పత్తి రైతుకు అప్పిచ్చేదీ, మందు అమ్మేదీ, ఏ మందు కొట్టాలో చెప్పేదీ ఒకే మనిషి అయ్యాడు. 1987లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిని తెల్లదోమ ముంచింది. 1997-98లో వరంగల్ జిల్లా పత్తి రైతుల ఆత్మహత్యలు రాష్ట్రాన్ని కుదిపేశాయి. ఈ చావులకు కారణాలు చాలా ఉన్నా, అడిగితే నిజం చెప్పే మనిషి ఊళ్లో లేకపోవడం వాటిలో ఒకటి. 2003 జాతీయ నమూనా సర్వేలో ప్రభుత్వ విస్తరణ సిబ్బంది ద్వారా సమాచారం పొందామన్న రైతులు దేశంలో సుమారు 6 శాతమే. దుకాణదారుల ద్వారా పొందినవారు సుమారు 13 శాతం. అదే ఏడాది హైదరాబాదులోని ‘మేనేజ్’ సంస్థ డీలర్లకే వ్యవసాయ డిప్లొమా నేర్పడం మొదలుపెట్టింది.

మరో దారి ఊళ్లలోంచే తెరుచుకుంది. పొలంబడుల్లో రైతులు మిత్రపురుగును, శత్రుపురుగును స్వయంగా గుర్తించడం నేర్చుకున్నారు. నాటి ఖమ్మం జిల్లా పునుకుల గ్రామం పురుగుమందులు మానేసి వేపగింజల కషాయంతో పత్తి పండించింది. ఆ అనుభవాన్ని మహిళా సంఘాలు అందిపుచ్చుకున్నాయి. పండించి చూపిన రైతే పక్క ఊరికి గురువయ్యే పద్ధతి అలా స్థిరపడి, 2016 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ప్రకృతి వ్యవసాయ కార్యక్రమంగా విస్తరించింది. అంతకు ముందే, 2000ల దశకంలో, మహబూబ్‌నగర్, అనంతపురం వంటి ఏడు కరువు జిల్లాల్లో రైతులు వర్షమాపకాలు పెట్టుకుని, బోర్లలో నీటి మట్టం కొలిచి, ఎంత నీరుందో లెక్కగట్టి పంట ఎంచుకున్నారు. తెలుగు నేల విస్తరణ చరిత్రలో ఇంతకు మించిన ఘట్టం మరొకటి లేదు.

రాష్ట్రం విడిపోయాక రెండు ప్రభుత్వాలూ ఊరి స్థాయికి మళ్లాయి. తెలంగాణ సుమారు ఐదు వేల ఎకరాలకు ఒక వ్యవసాయ విస్తరణాధికారిని పెట్టి, 2020లో రైతు వేదికలు ప్రారంభించింది. ఆంధ్రప్రదేశ్ అదే ఏడాది మే 30న పది వేలకు పైగా రైతు భరోసా కేంద్రాలను తెరిచింది. 2024లో అవి రైతు సేవా కేంద్రాలయ్యాయి. గ్రామసేవక్‌కు పది ఊళ్లుండేవి, ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయ సహాయకుడు రైతుకు అంతకంటే దగ్గరగా, రైతు సేవా కేంద్రంలోనే ఉన్నాడు. అయినా ఈ-పంట నమోదు, పథకాల జాబితాలు, సర్వేలు అతని పొద్దును తినేస్తున్నాయి. ఆ రాతకోతలను వేరొకరికి అప్పగించి, అతన్ని పొలానికి పంపాలి.